మామ తోలుకొచ్చిన టిల్లర్

మొన్నొక ఆదివారం మదనపల్లెలో పాత స్కూటరొకటి అమ్మకానికి ఉందంటే చూడ్డానికి పోయాను. అమ్మే ఆయన సీటు తుడిచి, అద్దాలు సర్ది, తాళంచెవి నా చేతిలో పెట్టి ‘ఒక రౌండు వేసుకోని రాండి సార్’ అన్నాడు. నేను ఎక్కలేదు. తాళంచెవి ఆయనకే ఇచ్చి, ‘నువ్వు తోలప్పా, నేను ఎనక నించి సూస్తా’ అన్నాను. ఆయన వీధి చివరిదాకా పోయి వచ్చేలోపు చేతులు వెనక్కి కట్టుకుని, తల కొంచెం వంచి, ఆ వెనక చక్రాన్నే చూస్తూ నిలబడ్డాను. బండి ఆగాక దాని పక్క డొప్ప మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాను. ఎందుకు ఉంచానో అడిగితే చెప్పలేను. అమ్మే ఆయన మాత్రం ‘సార్ పశువుల డాక్టరా?’ అని అడిగాడు.

కాదు. నేను బడిపంతుల్ని. ఈ వేషాలన్నీ మా మామవి. ఆయన పోయి ఏడాది దాటింది. పోతూ పోతూ ఇంకెవరూ దొరకనట్టు నాకే అంటించి పోయాడు.

మామ అంటే నా భార్య తండ్రి. పుంగనూరు దగ్గర పల్లె. కొంచెం చేను, ఒక బోరు, ఒకసారి టమోటా, ఒకసారి వేరుశనగ. కానీ ఆయనేం చేస్తాడని అడిగితే ఊళ్ళో వాళ్ళెవరూ సేద్యం సంగతి చెప్పేవాళ్ళు కాదు. ‘ఎద్దులు సూస్తాడు’ అనేవాళ్ళు. సంతలో జత కొనాలనుకున్న వాళ్ళు ముందురోజే వచ్చి ఆయన దగ్గర మాట తీసుకుని పోయేవాళ్ళు. దళారి కాదు, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఒక కాఫీ ఇప్పించాలి, తాను చూస్తున్నంతసేపు ఎవరూ పలకరించకూడదు, అంతే ఆయన షరతులు.

చూడడం కూడా అందరిలాగా కాదు. నేరుగా వెనక్కి పోయి నిలబడేవాడు.

‘ముందర నించి సూస్తే అన్నీ బాగానే ఉంటాయప్పా. కొమ్ములకు రంగేస్తారు, మెడలో గంటలు కడతారు. ఎనకపక్క ఎవుడూ సింగారించడు. అందుకే ఎనక నించి సూడాల’ అనేవాడు.

పెళ్ళిచూపులకు పోయినప్పుడు నన్నూ అట్లాగే చూశాడు. వాకిట్లోంచి ఇంట్లోకి నన్ను ముందు నడవమని తాను వెనక పడ్డాడు. పెద్దాయనకు ముందు నడవడం బాగుండదని నేను ఆగితే ఆయనా ఆగాడు. కూర్చున్నాక, ఇంకా అమ్మాయిని పిలవకముందే, చెంబుతో నీళ్ళు తెప్పించి నేను తాగుతుంటే రెప్ప వేయకుండా చూశాడు. జీతం అడగలేదు, ఆస్తి అడగలేదు. నేను చెంబు కింద పెట్టాక లోపలికి వినబడేట్టు ‘మధ్యలో తలెత్తకుండా తాగినాడు, పరవాలేదు’ అన్నాడు. లోపల మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందని పెళ్ళయ్యాక చెప్పింది. ఆ రోజు ఆ ఇంట్లో చూపులు జరిగింది నాకు.

ఇంకొకటి ఆయన కండువా. సంతలో ఎద్దుల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడూ కొనేవాడూ ఒక గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కనున్న వాళ్ళకు తెలియకూడదని ఆ ఏర్పాటు. మామకు అది ఎంత అలవాటయిందంటే పుంగనూరు కూరగాయల అంగట్లో వంకాయలు కొనడానికి కూడా కండువా దించేవాడు. వంకాయలమ్మే ఆమె ‘సెయ్యి తీయయ్యా, మా ఇంటాయన సూస్తే నన్ను నరకతాడు’ అని గోల పెట్టేది. మామ సిగ్గుపడేవాడు కాదు. నోటితో ధర చెప్పేవాడు బేరం తెలియనివాడు అని ఆయన నమ్మకం.

ఇంత చూపున్న మనిషి సొంతానికి ఎంచి పెట్టుకున్న జత ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. తెల్లటి ఎద్దులు. ఒకటి పెద్దోడు, ఒకటి చిన్నోడు. దిష్టి తగులుతుందని వాటిని ఎప్పుడూ పైకి మెచ్చుకునేవాడు కాదు. ఎవరైనా బాగున్నాయంటే ‘ఏందోలేప్పా, తింటాండాయి, పండుకుంటాండాయి’ అని మొహం తిప్పుకునేవాడు. తిప్పుకున్న మొహం నిండా నవ్వు.

ఆ ఎద్దుల ముందుభాగం మామది, వెనకభాగం అత్తది. మేత వెయ్యడం, మెడ నిమరడం, కొమ్ములకు ఆముదం రాయడం, చెవిలో ఏవేవో చెప్పుకోవడం మామ పని. పేడ ఎత్తడం, కొట్టం ఊడ్వడం, గంప నెత్తిన పెట్టుకుని దిబ్బలో పోసి రావడం అత్త పని. ఆమె కాపరానికొచ్చిన నాటి నుంచీ అంతే. మామ ఆ గంపను ముట్టుకోగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. చూడాలంటే వెనకే నిలబడే మనిషికి పేడ మాత్రం కనబడేది కాదు.

మాకు పెళ్ళయిన కొత్తలో, తొంభైల చివర్లో, సెలవులకు నేను అక్కడున్నప్పుడు అత్త ఒకరోజు అన్నాలు వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గిన్నెలో పెట్టేసింది.

‘ఊళ్ళో అందురూ దున్నేదానికి టిల్లర్లు తెచ్చుకుంటాండారు. మనమూ ఒకటి తెచ్చుకుందాం. నా నడుము ఇంక వొంగేట్టు లేదు’ అంది.

‘ఎద్దులుండాయి గదా’ అన్నాడు మామ.

‘అవి ఉండాయనే సెప్తాండా. టిల్లరు వొచ్చి మన సేన్లో ఒక సుట్టు దున్నిందంటే ఎద్దులు సంతకు పోవాల. దున్నలేదనుకో, నేను సచ్చేదాకా ఈ మాట ఎత్తను. పేడ ఎత్తుకుంటా పడుంటా.’

నా ముందర ఆమె అంత మాట్లాడడం అదే మొదలు. అల్లుడున్నాడని కూడా చూడకుండా అన్నదంటే ఎంత విసిగిపోయిందో నాకు అర్థమైంది. మామ మజ్జిగ పోసుకుని, కలుపుకుని, ‘సరే’ అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

కొత్తది వద్దన్నాడు. ‘కొత్తదాని గుణం ఎవురికి తెలుసు? నాలుగేండ్లు కాడి మోసిందయితే మంచీ సెడ్డా ఈపాటికి బయటపడి ఉంటాది’ అన్నాడు. కుప్పం పక్క పల్లెలో తనకు సంతల్లో పరిచయమైన పెద్దమనిషి దగ్గర పాత టిల్లరు ఉందని కబురు తెప్పించాడు. తోడుకు నన్ను రమ్మన్నాడు. పెళ్ళిలో పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, కొత్త అల్లుణ్ణి గదా అని కొంచెం బింకంగా, తెల్లారకముందే బయల్దేరాను. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ నుంచి వి.కోట, అక్కడ నుంచి కుప్పం. బస్సులో దారి పొడుగునా మామ ఒడిలో కొత్త పలుపు తాడు ఒకటి చుట్టగా చుట్టి పెట్టుకున్నాడు. టిల్లరుకు తాడెందుకో నాకు తెలియలేదు. అడిగితే ‘కొనబోయేవాడు తాడు తీసుకోని పోవాల్నప్పా’ అన్నాడు.

కుప్పమాయన కొట్టంలో రెండు టిల్లర్లు ఉన్నాయి, ముందు ఇంజను, కింద రెండు చక్రాలు, వెనక్కి పొడుగాటి పిడులు. ఒకటి ఎర్రరంగు ఇంకా మెరుస్తోంది. రెండోది రంగంతా పోయి, ఒక పక్క రేకు ఊడి, సైలెన్సరుకు ఇనప తీగ చుట్టి ఉంది. మామ రెండింటి వెనకా నిలబడి చూశాడు. రెండింటినీ స్టార్టు చేయించి, ముందుకు తోలించి, వెనక్కి తోలించి, ఒక్కోదాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఆ తీగ చుట్టినదాని దగ్గరకు పోయి ‘ఇది’ అన్నాడు.

‘మామా, ఆ ఎర్రది బాగుంది కదా’ అని నేను గొణిగాను.

‘దాని నడక బాలేదు’ అన్నాడు మామ.

కండువా దిగింది. కింద వేళ్ళు చాలాసేపు కదిలాయి. బయటికి కనబడిందల్లా ఇద్దరి మొహాలే, రెండూ ఏమీ జరగనట్టు ఆకాశం చూస్తున్నాయి. చివరకు ఇద్దరూ తలూపుకున్నారు.

తర్వాత కుప్పమాయన మామకు తోలడం నేర్పించాడు. ఇట్లాంటి పాఠం నేను ఏ బళ్ళోనూ వినలేదు. ఆయన క్లచ్చు చూపిస్తే మామ ‘కాడి’ అన్నాడు. అది లాగితే ఇంజనుకు చక్రాలతో సంబంధం తెగిపోతుందంటే ‘కాడి దించినట్టు’ అన్నాడు. డీజలు ట్యాంకు చూపిస్తే ‘మేత’ అన్నాడు. చివర్లో కుప్పమాయన కొంచెం సందేహిస్తూ ఒక మాట చెప్పాడు. ‘అన్నా, మెరకలో, సదరంగా ఉండే సోట ఎడమ పిడి నొక్కితే ఎడమకే పోతాది. దిగుడులో మాత్రం ఎడమ నొక్కితే కుడికి పోతాది. టిల్లర్లన్నీ ఇంతే. మరిసిపోవద్దు.’

‘దిగుడులో ఎదురు తిరుగుతాదన్న మాట. మా చిన్నోడూ అంతే’ అని మామ దాని మెడ లాంటి చోట తట్టాడు.

ఇంక బయల్దేరడమే తరువాయి. కుప్పమాయన ఇనప హ్యాండిల్ తగిలించి గిరగిరా తిప్పితే ఇంజను డగడగమని లేచింది. ఆయన ఆ హ్యాండిల్ తీసి, తుండుగుడ్డలో చుట్టి, కళ్ళకద్దుకుని, ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి వచ్చాడు. మామ భక్తిగా చూస్తూ నిలబడ్డాడు. తాను తెచ్చిన కొత్త పలుపును టిల్లరు పిడికి మూడు ముళ్ళు వేసి కట్టాడు. ఇద్దరూ దండాలు పెట్టుకున్నారు. నాకేమీ అర్థం కాక నేనూ పెట్టాను.

టిల్లరుతో పాటు కుప్పమాయన ఇచ్చిన నాగలినీ, అత్త కోసమని మామ కొన్న కోసుగడ్డల, అంటే క్యాబేజీల, మూటల్నీ వెనక తగిలించిన ట్రాలీలో వేసుకుని, వాటి మీద నన్ను కూర్చోబెట్టుకుని, ఆయన ముందు సీటెక్కాడు. టిల్లరు సైకిలు కంటే నిదానం, చప్పుడు మాత్రం లారీకి తగ్గదు. దారిన పోయేవాళ్ళు మమ్మల్ని దాటుకుని పోతూ నన్ను పరీక్షగా చూస్తున్నారు. పొగంతా వెనక్కే వస్తోంది. వి.కోట చేరేసరికి పెళ్ళి చొక్కా ఏ రంగుదో నేను ఒట్టేసి చెప్పలేను.

వి.కోటకు కొంచెం ముందు దిగుడు వచ్చింది. రోడ్డు ఎడమకు తిరిగింది. మామ ఎడమ పిడి నొక్కాడు. చెప్పినట్టే టిల్లరు కుడికి తిరిగి, రోడ్డు దిగి, చెరుకురసం బండి మీదకు నేరుగా పోయింది. రసం తీసే ఆయన గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే గట్టెక్కి నిలబడ్డాడు. మామ ‘హో… హో… హోయ్’ అంటూ పలుపు పట్టుకుని లాగాడు. నేను ‘కాడి! కాడి!’ అని అరిచాను. క్లచ్చు గుర్తొచ్చి లాగాడు. చెరుకు గడలకు జానెడు దూరంలో ఆగింది. రసం ఆయన ఒణుకుతూనే మాకు రెండు గ్లాసులు ఇచ్చాడు. మేం అడగలేదు.

‘ముందు దాన్ని ఆపు సామీ, సెవులు పోతాండాయి’ అన్నాడాయన. నేను ఆపబోయాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

‘ఆపితే మళ్ళా లేపేదెట్ల?’

‘హ్యాండిల్‌తో’ అన్నాను.

‘హ్యాండిల్ యాడుండాది?’

ట్రాలీ చూశాను. సీటు కింద చూశాను. కోసుగడ్డలు జరిపి చూశాను. అప్పుడు దేవుడి గూడు గుర్తొచ్చింది.

‘మామా, ఆయన దగ్గరే పెట్టేసుకున్నాడు!’

‘పెట్టుకోకపోతే? పశువును అమ్మినోడు పలుపు ఇయ్యకూడదప్పా. పలుపు ఇస్తే కొట్టంలో కళ పోతాది. అందుకే గదా మన తాడు మనం తెచ్చుకునింది.’

‘మామా, అది పలుపు కాదు, హ్యాండిల్. దాంతో తిప్పితేనే ఇది లేస్తుంది. ఆయనకైనా తెలియదా?’

‘ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసినా పద్ధతి పద్ధతే గదా’ అని రసం గుక్క తాగాడు.

ఇద్దరూ పెద్దమనుషులు. ఇద్దరూ నిండా తెలివైనవాళ్ళు. ఇద్దరూ కళ్ళు తెరుచుకుని, ఒకరు ఇవ్వలేదు, ఒకరు అడగలేదు. పదండి వెనక్కి పోయి తెచ్చుకుందాం అంటే, అమ్మినవాడి గడప తొక్కి పలుపు అడగడం కంటే ప్రాణం తీసుకోవడం మేలన్నాడు. ఇంక చేసేదేముంది, ఇల్లు చేరేదాకా ఇంజను ఆగకుండా చూసుకోవాలి. వంతులవారీగా ఒకరు టిల్లరు దగ్గర నిలబడితే ఒకరు టిఫిను తిన్నాం. ఒకరు నిలబడితే ఒకరు చెట్ల చాటుకు పోయాం. నడిరోడ్డు పక్కన ఊరికే డగడగలాడుతున్న టిల్లరును కాపలా కాస్తూ, మసిబారిన చొక్కాతో నిలబడిన కొత్త అల్లుణ్ణి వి.కోట జనం తీరిగ్గా చూశారు. ‘ఏమప్పా, ఆపుకోరాదా? డీజలు దండగ’ అని ప్రతివాడూ సలహా ఇచ్చాడు.

పలమనేరులో పెట్రోలు బంకు అబ్బాయి ఇంజను ఆపితేనే డీజలు పోస్తానన్నాడు. మామ ‘మేతేసేటప్పుడు పశువును సంపుతారా యాడన్నా?’ అని వాదం పెట్టుకున్నాడు. చివరికి నేనే దూరంగా క్యాను పట్టుకుని పోయి తెచ్చి పోశాను.

ఆ ఊరు దాటాక ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. చప్పుడుకు వినబడదని ట్రాలీలో ముందుకు జరిగి ఆయన భుజం పక్కన తల పెట్టాను.

‘అల్లుడా, ఇంటికాడ దీన్ని ఆపేస్తాం. హ్యాండిల్ లేదు. లేవదు. లేవకపోతే దున్నేదెట్ల? దున్నకపోతే మీ అత్త మాటెత్తనని సెప్పింది గదా. నువ్వు సాక్షివి.’

‘అయితే ఆ ఎర్రది వద్దన్నది…’

‘అది ఇరవై ఏండ్లు దున్నతాది. దాని నడక సూస్తానే నాకు బయమేసింది.’

అంతా అర్థమైంది. ఎనక నించి చూసే ఆ కళ్ళతో ఆయన ఆ రోజు రెండింటిలో పనికిరానిది ఏదో వెతుక్కుని మరీ కొన్నాడు. మహా సంబరంగా ఉన్నాడు. పిడి మీద తాళం కూడా వేస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. గరిటె గిన్నెలో పెట్టేసిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. కానీ కొత్త అల్లుణ్ణి. నోరు మూసుకుని కోసుగడ్డల మీద కూర్చున్నాను.

పుంగనూరు ఇంకా కొంత దూరం ఉందనగా ఒక మెరక వచ్చింది. మెరక సగంలో టిల్లరు గొంతు మారింది. డగడగ పోయి డగ్… డగ్… అంటూ దమ్ము పట్టసాగింది. పొగ నల్లగా అయింది. నేను మామ మొహం చూశాను. పండగలాగా ఉంది. ‘ఆగేట్టుండాది అల్లుడా’ అన్నాడు. ఇల్లు చేరేదాకా కూడా ఆగక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, అదే పోతుంది, ఎద్దులు దక్కుతాయి.

ఇంకో రెండు డగ్గులు. మామ మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. ఇంకొకటి. అంతే, సీటు మీద నుంచి దూకాడు.

‘దిగప్పా! దిగు! రొప్పతాండాది సూడు! బరువు దించు!’

క్లచ్చు లాగేశాడు. నేను దూకి చక్రం కింద రాయి పెట్టాను. ఆయన మూటలు ఒక్కొక్కటే రోడ్డు పక్కకు విసిరేస్తున్నాడు. అత్త కోసం ఏరి ఏరి కొన్న కోసుగడ్డలు దొర్లుకుంటూ పల్లంలోకి పోయాయి. ఇంజనుకు బరువు తప్పేసరికి నెమ్మదిగా ఊపిరి తిరిగింది. మామ దాని పొట్ట మీద చెయ్యి ఆనించి ‘లే నాయనా, లే లే, అయిపోయింది, ఇంకంతే’ అని మాట్లాడుతున్నాడు. తర్వాత ఆయన పిడి పట్టుకుని పక్కన నడుస్తుంటే, నేను వెనక నుంచి ట్రాలీ తోశాను. మెరక ఎక్కేశాం.

పైన నిలబడి ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. నేను ఆపుకోలేకపోయాను.

‘ఆగిపోతే బాగుండు అన్నారు కదా మామా.’

ఆయన తిట్టినట్టు చూశాడు. ‘మెరకలో సచ్చిపోతాంటే సూస్తా ఎట్ల కూసుండేదప్పా’ అన్నాడు. చేసిన పనికి తన మీద తనకే కోపం వచ్చింది. ఆ క్షణంలో ఆయనంటే నాకు ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. అయినా మెరక దాటినంత మాత్రాన ఎద్దులు పోవు. ఇంటి ముందు ఆపేస్తే సరిపోతుంది. ఆ మాట ఆయనా మరచిపోలేదు. ఊరి పొలిమేరలో ‘ఇంటికాడ ఆపేది మాత్రం ఆపేదే’ అని తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు.

ఊళ్ళోకి పోయేసరికి పొద్దు వాలుతోంది. మా ముందర, సందు మలుపులో, ఒక ఆడమనిషి నెత్తిన గంపతో దిబ్బ వైపు పోతోంది. మా వైపు వీపు. కుడికాలు ఈడుస్తోంది. రెండడుగులకొకసారి ఆగి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, మళ్ళీ నడుస్తోంది. మామ వేగం తగ్గించాడు. తల కొంచెం వంచాడు. ఆ చూపు నాకు తెలుసు.

‘ఎవురప్పా అది? కుడిపక్క పూర్తిగా పొయ్యింది’ అన్నాడు.

‘అత్త’ అన్నాను.

ఆయన ఇన్నేళ్ళలో వెయ్యి ఎద్దుల నడక చూసుంటాడు, ఇంట్లో మనిషి నడక చూడలేదు. చప్పుడుకు అత్త వెనక్కి తిరిగి, గంప దించకుండానే మమ్మల్ని చూస్తూ నిలబడింది. ఆపుతాడని ఆమె అనుకుంది. ఆపుతాడని నేనూ అనుకున్నాను. ఇల్లు వచ్చింది, వెళ్ళిపోయింది. మామ ఆపలేదు. కొట్టంలోంచి పెద్దోడు ఆయన్ని గుర్తుపట్టి అరిచాడు. మామ తల తిప్పలేదు. నేరుగా చేన్లోకి తోలాడు.

ఇంజను నడుస్తుండగానే ట్రాలీ ఊడదీశాం. కుప్పమాయన ఇచ్చిన నాగలి తగిలించాం. చేను చుట్టూ ఒక్క చుట్టు దున్నాడు. వంకరటింకరగా దున్నాడు. సంతలో ఎవరైనా ఆ చాళ్ళు చూస్తే ఆయన పరువు పోయేది. దున్నుతున్నంతసేపూ కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పొగ అని చెప్పాడు. గాలి అవతలి వైపుకు ఉంది.

అత్త గట్టు మీదకు వచ్చి నిలబడింది. చుట్టు పూర్తయ్యాక ఇంజను ఆపాడు. పొద్దుట్నుంచీ మోగుతున్నది ఆగిపోతే ఊరంతా నిశ్శబ్దమైనట్టనిపించింది.

‘దున్నినా’ అన్నాడు మామ.

‘సూసినా’ అంది అత్త. గట్టు దిగుతూ, ‘సంతకు నువ్వు రావద్దులే. నేను తోలుకోని పోతా. అల్లుడు తోడొస్తాడు’ అంది.

హ్యాండిల్ తర్వాత మదనపల్లెలో ఒక మెకానిక్ దగ్గర దొరికింది. అది దొరికినా ఆ టిల్లరుకు రోగాలు తగ్గలేదు. బెల్టు తెగేది, డీజలు కారేది, వానొస్తే లేచేది కాదు. మామ మంచి కళ్ళతో ఏరుకొచ్చిన రోగాలు కదా, ఒక్కటీ తప్పలేదు. అది వేరే కథ.

సంత రోజు ఎద్దుల్ని అత్తే తోలుకుని పోయింది. ఆడమనిషి ఎద్దుల్ని అమ్మకానికి తేవడం పుంగనూరు సంతలో వింత. ఆ జత ఎవరిదో అందరికీ తెలుసు గనుక కొనేవాళ్ళు మూగారు. కండువాలు దించారు. అత్త ఎవరి కండువా కిందా చెయ్యి పెట్టలేదు. వచ్చిన ప్రతివాణ్ణీ నోరు తెరిచి ఒకటే మాట అడిగింది.

‘మీ ఇంట్లో పేడ ఎవురు ఎత్తతారు?’

ఒకడు నవ్వాడు. ఒకడు ‘మా ఆడోళ్ళు’ అన్నాడు. ఒకడు ‘అదేం ప్రశ్నమ్మా’ అని కోపగించుకుని పోయాడు. మంచి ధర పెట్టడానికి సిద్ధంగా ఉన్న ఆసామి ‘కోడలుండాది’ అన్నాడు. అత్త వాళ్ళందరికీ కాదని తల అడ్డంగా ఊపింది. మధ్యాహ్నం దాటాక, కలికిరి వైపు నుంచి వచ్చిన సన్నపాటి మనిషి ఒకడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ‘నేనే ఎత్తతానమ్మా’ అన్నాడు. అతనికిచ్చేసింది. ధర మిగతావాళ్ళ కంటే తక్కువే.

మేం ఇంటికొచ్చేసరికి మామ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అన్నం తినలేదు. ఎవరు కొన్నారు, వాడి చెయ్యి ఎట్లాంటిది, కొట్టం చూశారా అని ఏవేవో అడిగాడు. అత్త జరిగింది జరిగినట్టు చెప్పింది. మామ లేచి కూర్చున్నాడు.

‘వాడు అబద్ధం సెప్పింటాడే’ అన్నాడు. ‘ఎద్దుల కోసం ఏమన్నా సెప్తారు.’

‘సెప్పింటే సెప్పినాడు. ఇన్నేండ్లలో నువ్వు ఆ అబద్ధం కూడా సెప్పలేదు గదా’ అంది అత్త.

మామ మంచం దిగి, కండువా నడుముకు బిగించి, ‘గంప యాడ పెట్టినావే?’ అని అడిగాడు. కొట్టంలో ఎత్తడానికి ఏమీ లేదు. అత్త అంత గట్టిగా నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.